మందు వేసిన వెల్స్‌లోనూ సిగ్నల్!

హెపటైటిస్ బి ఏళ్ల తరబడి వదలకపోవడానికి మూలం కాలేయ కణాల కేంద్రకంలో తిష్ఠ వేసే సీసీసీ డీఎన్ఏ, అంటే పూర్తిగా మూసుకున్న వలయంలా ఉండే వైరస్ డీఎన్ఏ. ఈ వైరస్ కణంలోకి దూరే గుమ్మం కాలేయ కణాల పైపొర మీదుండే ఎన్‌టీసీపీ అనే ప్రోటీన్ అని 2012లో తేలింది. ఆ ప్రోటీన్‌ను చేర్చిన హెప్‌జీ2 కణాలతోనే (ల్యాబ్‌లో పెంచే కాలేయ కణాలు) నేనూ ఇన్‌ఫెక్షన్ మోడల్ మొదలుపెట్టాను.

మొదటి క్యూపీసీఆర్‌లోనే (డీఎన్ఏ ఎంతుందో కొలిచే పరీక్ష) సిగ్నల్ అదిరిపోయింది. సంబరం ఒక్క పూటే. బులెవిర్టైడ్ అనే మందు వేసిన వెల్స్‌లోనూ (కణాలు పెంచే ప్లేటులోని చిన్న గుంటలు) ఇంచుమించు అదే గీత! ఆ మందు వైరస్‌ను గుమ్మం దగ్గరే ఆపేస్తుంది కదా, మరి లోపలికి వెళ్లిందెవరు? ఎవరూ వెళ్లలేదు. నేను పోసిన వైరస్‌లోని ఆర్‌సీ డీఎన్ఏ (ఇంకా పూర్తిగా మూసుకోని వలయం) కణాలకు అంటుకుని మిగిలిపోయింది, క్యూపీసీఆర్‌లో వైరస్ డీఎన్ఏను గుర్తుపట్టే ప్రైమర్లు దాన్నీ పట్టేశాయి.

అంటుకునేలా చేసేది నేను కలిపిన 4 శాతం పీఈజీ అనే పాలిమరే. అయినా దాన్ని మానలేను, అది లేకపోతే ఇన్‌ఫెక్షన్ బాగా పడిపోతుంది. అందుకే మర్నాడు పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో ఐదుసార్లు కడిగాను. పైపెట్‌తో నేరుగా కణాల మీద పోస్తే పొరలుగా ఊడొస్తాయి, వెల్ గోడ మీదుగా మెల్లగా జారవిడవాలి (ఒక ప్లేటు పోగొట్టుకున్నాకే తెలిసింది). అసలు తేడా చూపింది మాత్రం టీ5 ఎక్సోన్యూక్లియేజ్ అనే, డీఎన్ఏను కోసే ఎంజైమ్. హిర్ట్ పద్ధతిలో (కణంలోని చిన్న డీఎన్ఏలను వేరుచేసే పద్ధతి) తీసిన డీఎన్ఏకు 37 డిగ్రీల దగ్గర దాన్ని పట్టిస్తే, తెగిన పోగులున్న ఆర్‌సీ డీఎన్ఏ కరిగిపోతుంది, పూర్తిగా మూసుకున్న వలయం మిగులుతుంది. తర్వాత 70 డిగ్రీల వేడితో ఎంజైమ్‌ను ఆపేశాను.

ఈసారి బులెవిర్టైడ్ వెల్స్ దాదాపు ఖాళీ. మామూలు వెల్స్‌లోనూ సిగ్నల్ బాగా తగ్గింది, కానీ ఆ మిగిలిందే నిజం.