చేత్తో గీసిన కలంకారీని ఫోన్‌లో అమ్మే పద్ధతి

ఫోన్ తెర మీద చూస్తే చేత్తో గీసిన కలంకారీ దుపట్టా, మిల్లులో అచ్చేసిన దుపట్టా ఒకేలా ఉంటాయి. ఒకటి నాలుగు వేలు, ఇంకొకటి నాలుగు వందలు. కొనేవాళ్లు ముట్టుకుని చూడలేరు, రంగు వాసన వాళ్లకు తెలియదు. ఆ తేడా ఏమిటో కళ్లకు కట్టి చూపించే పని మనదే. మీరు పెట్టే ప్రతి ఫొటో, ప్రతి వీడియో, రాసే ప్రతి మాట ఈ ఒక్క పనికి ఉపయోగపడుతోందా లేదా అని చూసుకోండి. లేకపోతే పెట్టక్కర్లేదు.

మాది శ్రీకాళహస్తి. మా ఇంట్లో మామయ్య బొమ్మ గీస్తారు. అత్తయ్య, నేను రంగులు వేస్తాం. ఉడకబెట్టడం, ఉతకడం మరిది చూసుకుంటాడు. ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్, ఫేస్‌బుక్ పని నాది. మా వీధిలో చాలా ఇళ్లలో గీసే చెయ్యి బంగారంలా ఉంది, అమ్మే దారి మాత్రం ఇంకా షాపులవాళ్ల చేతిలోనే ఉంది. వాళ్లకోసమే ఇది రాస్తున్నాను. ఏటికొప్పాక బొమ్మలు చేసేవాళ్లకైనా, నర్సాపురం లేసు అల్లేవాళ్లకైనా ఇందులో చాలావరకు పనికొస్తుంది.

ముందు పేరు సంగతి

అకౌంట్ పేరులో మీ ఊరు పేరు ఉండాలి. 'లక్ష్మీ కలెక్షన్స్' అని పెడితే ఏం అమ్ముతున్నారో ఎవరికీ తెలియదు. 'శ్రీకాళహస్తి పెన్ కలంకారీ' అన్న మాటలను జనం వెతుకుతారు, కాబట్టి అవి పేరులోనో కింద వివరాల్లోనో ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా ఉండేలా చూడండి. ఈ ఊరి పేరుకు విలువ ఊరికే రాలేదు. 1950ల్లో చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది, ఆరిపోతున్న పని మళ్లీ నిలబడింది. 2008లో ఇక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి పద్మశ్రీ వచ్చింది. మన కలంకారీకి జీఐ, అంటే ఈ ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, ఉంది. ఈ విషయాలు ఒక పోస్టులో రాసి, దాన్ని ప్రొఫైల్ పైభాగంలో పిన్ చేయండి. కొత్తగా వచ్చినవాళ్లు మొదట అదే చూస్తారు.

మనది కలంతో గీసే పెన్ కలంకారీ. మచిలీపట్నం దగ్గరి పెడనలో చేసేది చెక్క అచ్చులతో అద్దే బ్లాక్ కలంకారీ. అదీ చేతిపనే, దానికీ వేరే జీఐ ఉంది. మీరు రెండూ అమ్ముతుంటే ఏది పెన్, ఏది బ్లాక్ అని ప్రతి పోస్టులో విడిగా రాయండి. స్క్రీన్ ప్రింట్ సరుకును మాత్రం అదే పేజీలో పెట్టకండి. ఒక్కసారి పెట్టినా, మీరు అంతకుముందు చూపించినవన్నీ అనుమానంలో పడతాయి.

గీసినవాళ్ల పేరు కూడా రాయండి. 'ఇది మా మామయ్య గీసిన రామ పట్టాభిషేకం, రంగులు అత్తయ్య వేశారు' అని నేను రాస్తాను. ఇన్నేళ్లుగా ఈ గుడ్డల మీద షాపు పేరు ఉంది, పనిచేసినవాళ్ల పేరు లేదు. ఇప్పుడు పేరు పెట్టే వీలు మన చేతికి వచ్చింది, దాన్ని వదులుకోకండి.

ఏం వీడియో తీయాలి

అదృష్టం ఏమిటంటే, కలంకారీ పనిలో కంటి ముందే మారిపోయే ఘట్టాలు చాలా ఉన్నాయి. వాటిని పట్టుకుంటే చాలు.

మొదటిది కసిమి గీత. కసిమి అంటే ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టిన ద్రవం. కరక్కాయ, గేదె పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద కలం ఆనగానే గీత పలచగా పడుతుంది, చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి నలుపవుతాయి. ఆ మార్పును దగ్గరగా, కట్ చేయకుండా తీయండి. దీన్ని ఏ మిషనూ చూపించలేదు.

రెండోది ఎరుపు. పటిక నీళ్లు పూసిన చోట ముందు పెద్దగా ఏమీ కనపడదు. మంజిష్ఠ లాంటి వేర్లు, చెక్కలు వేసి మరిగించిన కాగులో గుడ్డ ముంచి తిప్పితే, పటిక తగిలిన చోట ఎరుపు గట్టిగా పడుతుంది. కాగులో వేయకముందు, తీశాక, రెండూ ఒకే కోణంలో తీసి పక్కపక్కన పెట్టండి. మా పేజీలో జనం ఎక్కువగా ఒకరికొకరు పంపుకునేవి ఇవే.

మూడోది ఉతుకు. స్వర్ణముఖిలో నీళ్లు ఏడాది పొడవునా ఉండవు, చాలామంది తొట్లలో, బోరు నీళ్లలో కానిస్తున్నారు. అందుకే ఏట్లో నీళ్లు పారే రోజుల్లో నాలుగైదు ఉతుకు వీడియోలు తీసి దాచుకోండి. ఎండాకాలంలో పెట్టేటప్పుడు అవి వానాకాలంలో తీసినవని రాయండి.

తీసే పద్ధతికి పెద్ద ఖర్చు లేదు. రెండు స్టూళ్ల మీద ఒక పలక అడ్డంగా వేసి, ఫోన్ కెమెరా పలక అంచు దాటి కిందికి చూసేలా పెట్టి, బరువు ఆనిస్తే పైనుంచి గీత స్థిరంగా వస్తుంది. ఫోన్ నిలువుగా వాడండి. మొదటి రెండు సెకన్లలోనే కలం గుడ్డను తాకాలి. నమస్కారాలు, పరిచయాలు తర్వాత చెప్పుకోవచ్చు, లేకపోతే చూసేవాళ్లు అక్కడే దాటేస్తారు. అర నిమిషం వీడియో చాలు. సినిమా పాటలు వద్దు. బిజినెస్ అకౌంట్లకు చాలా పాటలు అందుబాటులో ఉండవు, పైగా మీ గొంతుతో 'ఇప్పుడు పటిక వేస్తున్నాం' అని తెలుగులో చెబితే వినేవాళ్లకు నమ్మకం కలుగుతుంది. తెలుగు రానివాళ్ల కోసం కింద రెండు ముక్కలు ఇంగ్లిష్‌లో రాస్తే సరిపోతుంది. అదే వీడియో యూట్యూబ్ షార్ట్స్‌లోనూ, ఫేస్‌బుక్‌లోనూ పెట్టండి. మాకు ఇన్‌స్టాలో చూసేవాళ్లు ఎక్కువ, కానీ చీరలు, గోడకు వేలాడదీసే పెద్ద పటాలు కొనే పెద్దవయసువాళ్లు ఫేస్‌బుక్‌లోనే దొరుకుతున్నారు.

ఫొటోలు

పొద్దున్నే వరండా నీడలో తీయండి. మిట్టమధ్యాహ్నం ఎండ, ట్యూబ్‌లైటు రెండూ రంగును చెడగొడతాయి. ఫిల్టర్ వాడకూడదు. చెట్ల రంగుల ఎరుపును ఫోన్ ఒక్కోసారి నారింజగా చూపిస్తుంది. గుడ్డ పక్కన తెల్ల కాగితం పెట్టి చూసుకోండి. కాగితం తెల్లగా వస్తే మిగతా రంగులూ దాదాపు సరిగ్గా ఉన్నట్టే. ఒక్కో సరుకుకు మొత్తం పరిచింది ఒకటి, ముఖం దగ్గరగా ఒకటి, మనిషి వేసుకున్నది ఒకటి, గుడ్డ వెనకవైపు ఒకటి ఉండాలి. వెనకవైపు ఫొటో తప్పనిసరి. చేత్తో వేసిన రంగు గుడ్డలోకి దిగి వెనక కూడా కనిపిస్తుంది. గీతలో లావు సన్నం తేడాలు, ఒక పువ్వుకూ ఇంకో పువ్వుకూ ఉన్న తేడాలు దాచకండి, దగ్గరికెళ్లి చూపించండి. 'లోపం' అని ఎవరైనా అడిగితే, అచ్చులో అన్ని పువ్వులూ ఒకేలా వస్తాయి, చేతితో రావు అని ఓపికగా చెప్పండి.

ధర బయటే రాయండి

'ధర కోసం మెసేజ్ చేయండి' అనే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. అడిగినవాళ్లకు కూడా ఒక్కొక్కరికి ఒక్కో రేటు చెబుతారేమో అన్న అనుమానం వస్తుంది. పోస్టులోనే ధర రాయండి, అది ఎలా వచ్చిందో కూడా రాయండి. ఉదాహరణకు ఒక దుపట్టాకు గుడ్డ 400, పాలు, కరక్కాయ, రంగులు, కట్టెలు 300, ఐదు రోజుల పని రోజుకు 600 చొప్పున 3,000, ప్యాకింగు 50 అయితే, అప్పటికే 3,750. దాని మీద మీ లాభం వేసుకోవాలి. మీ లెక్క వేరుగా ఉండవచ్చు, కానీ కూలి లెక్క మాత్రం వదలకండి. ఇంట్లో ఆడవాళ్లు రంగులు వేసిన రోజులను లెక్కలోకి తీసుకోకుండా ధర కట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది. అది పోవాలి. బేరమాడితే తగ్గించకండి, చిన్న పని చూపించండి: జేబురుమాలు, బ్లౌజ్ ముక్క, చిన్న పటం.

వాట్సాప్‌లో అమ్మకం

ఇన్‌స్టాలో చూసినా డబ్బు కట్టే మాట వాట్సాప్‌లోనే తేలుతుంది. వాట్సాప్ బిజినెస్ వేరే నంబరుతో పెట్టుకోండి. అందులోని కేటలాగ్‌లో సరుకు, ధర, కొలత రాసి, అమ్ముడైనవి వెంటనే తీసేయండి. లేబుళ్లు వాడితే ఎవరు అడ్వాన్స్ ఇచ్చారో, ఎవరికి పంపాలో కలగాపులగం కాదు. బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే వెళ్తుంది, ఒక్క లిస్టులో 256 మందే పడతారు. అందుకే కొన్న ప్రతివారినీ నంబరు సేవ్ చేసుకోమని అడగండి. శిల్పారామంలోనో ఢిల్లీ హాట్‌లోనో స్టాల్ పెట్టినప్పుడు, ఇష్టపడి ఇచ్చినవాళ్ల నంబర్లు రాసుకోండి. చేత్తో ముట్టుకుని చూసినవాళ్లు తర్వాత ఫోన్‌లో ధైర్యంగా కొంటారు.

ఆర్డరు మీద గీయాల్సి వస్తే ఇది తప్పక పాటించండి. ముందు సగం డబ్బు తీసుకోండి. చింతబొగ్గుతో గీసిన దశలో ఫొటో పంపి, 'సరే' అని రాతపూర్వకంగా మెసేజ్ తెప్పించుకోండి. బొగ్గు గీతను దులిపేయవచ్చు, కసిమి పడ్డాక చెరపలేం. ఈ విషయాన్ని కొనేవాళ్లకు ముందే అర్థమయ్యేలా చెబితే గొడవలు రావు.

తేదీ ఇచ్చేటప్పుడు వానలను చూసుకోండి. మనవైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. దీపావళికి సరుకు అడిగేవాళ్లూ అప్పుడే, గుడ్డ ఆరనిదీ అప్పుడే. సెప్టెంబరులోగా ఉడుకు, ఉతుకు అయిపోయేలా దీపావళి సరుకు సిద్ధం చేసి ఫొటోలు తీసి ఉంచండి. ఆ మూడు నెలలూ కొత్త ఆర్డర్లకు 'ఫలానా తేదీ' అని మాట ఇవ్వకండి.

డబ్బు విషయంలో ఒకటి గట్టిగా గుర్తుంచుకోండి: మీకు డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని లేదు. 'అడ్వాన్స్ పంపుతున్నాం, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి' అని ఎవరన్నా మోసమే. ఆర్మీలో ఉన్నామని చెప్పి పెద్ద ఆర్డరు ఆశ చూపించేవాళ్లు ఉంటారు. స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపకండి, బ్యాంకు ఖాతాలో జమ అయిందని చూసుకున్నాకే పంపండి.

పార్సిల్, కాగితాలు

పార్సిల్‌లో ఒక చీటీ పెట్టండి: గీసినవాళ్ల పేరు, మొదటి ఉతుకు విడిగా వేయాలని, కుంకుడు రసం గానీ మెత్తటి సబ్బు గానీ వాడాలని, నీడలో ఆరేయాలని. పాల వాసన కొన్నాళ్లు ఉంటుందని ముందే రాయండి. లేకపోతే గుడ్డ పాడైందేమోనని కంగారుపడతారు. ఆ చీటీనే ఇన్‌స్టాలో హైలైట్‌గా కూడా పెట్టండి.

చేతివృత్తులవాళ్లకు కేంద్ర హస్తకళల శాఖ ఇచ్చే పెహచాన్ కార్డు తీసుకోండి. రాష్ట్రం దాటి పంపేటప్పుడు, ప్రభుత్వం గుర్తించిన చేతిపనుల జాబితాలోని సరుకుకు 20 లక్షల వార్షిక అమ్మకాల లోపు జీఎస్టీ రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉంది. పాన్ మాత్రం ఉండాలి, సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లు కూడా తీయాలి. మీ సరుకు ఆ జాబితాలో పడుతుందో లేదో ఒకసారి ఆడిటర్‌తో సరిచూసుకోండి.

డబ్బు కట్టి పోస్టును ఎక్కువమందికి చూపించడం, అంటే బూస్ట్ చేయడం గురించి చాలామంది అడుగుతారు. మామూలుగా పెట్టినప్పుడే బాగా నడిచిన వీడియోకు మాత్రమే చేయండి. నడవనిదానికి డబ్బు పోసినా నడవదు. చేసినప్పుడు కూడా అన్ని ఊళ్లూ కాకుండా హైదరాబాద్, బెంగళూరు, చెన్నై లాంటి రెండు మూడు నగరాలు ఎంచుకోండి.

విదేశాల్లోని మనవాళ్లు మంచి కొనుగోలుదారులు, గృహప్రవేశాలకూ పెళ్లిళ్లకూ పటాలు అడుగుతారు. అమ్మకానికి పంపాలంటే ఎగుమతి కోడ్ కావాలి. పోస్టాఫీసుల్లో డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు ఆ కాగితాల పని చూస్తాయి. అమెరికాకు 800 డాలర్ల లోపు సరుకు సుంకం లేకుండా వెళ్లే వెసులుబాటు 2025 ఆగస్టు 29 నుంచి ఆగిపోయింది. కాబట్టి అక్కడివాళ్లు ఆర్డరు ఇచ్చినప్పుడు, సుంకం ఎవరు కట్టాలో ముందే తేల్చుకుని, ఆ మాట వాట్సాప్‌లో రాసి పెట్టుకున్నాకే గుడ్డను పాలలో ముంచండి.