రాతి శిలువల మీది ముడుల అల్లికను కాగితం మీద వేయడం ఎలా?

వేల్స్‌లోని నెవర్న్ ఊళ్ళో, చర్చి ఆవరణలో, దాదాపు 4 మీటర్ల ఎత్తున్న రాతి శిలువ ఉంది. వయసు వెయ్యేళ్ళు. నాలుగు ముఖాల మీదా చెక్కిన అల్లికలే. ఒక తాడును చూపుతో వెంబడిస్తే రెండు మూడు మలుపులకే తప్పిపోతాం. కానీ మెలికల ముగ్గు వేసిన చేతికి ఇది కొత్తేమీ కాదు. చుక్కల చుట్టూ గీత తిప్పడమే.

పెన్సిల్‌తో 6 సెం.మీ. వెడల్పు, 8 సెం.మీ. ఎత్తు పెట్టె గీసి, 2 సెం.మీ. గళ్ళు చేయండి. అడ్డంగా 3, నిలువుగా 4 వస్తాయి. ప్రతి గడి మధ్యలో చుక్క పెట్టండి. గడి నాలుగు అంచుల సగం దగ్గర గుర్తులు పెట్టి, వాటిని ఏటవాలు గీతలతో కలపండి. చుక్క చుట్టూ డైమండ్ వస్తుంది. అన్ని గళ్ళలోనూ ఇలాగే. ఇప్పుడు వేలితో గీత వెంట వెళ్ళండి, గీతలు ఒకదాన్నొకటి దాటే కూడళ్ళ దగ్గర తిరగకుండా నేరుగా. మొత్తం ఒకే తాడు! స్కూల్లో చేసిన గ.సా.భా. ఇక్కడ పనికొస్తుంది: 3, 4కి అది 1, కాబట్టి తాడు ఒకటే. 4, 6 గళ్ళయితే రెండు తాళ్ళు వస్తాయి.

ఇంతవరకూ ఇది మామూలు జడే. కొన్ని కూడళ్ళు తెంపి కొసలను వేరేగా కలిపితే రకరకాల ముడులు పుడతాయని పురావస్తు పరిశోధకుడు జె. రోమిల్లీ ఆలెన్ నూరేళ్ళకు ముందే విడమర్చి చూపించాడు. సరిగ్గా నడిమధ్య కూడలిని చెరిపేయండి. అక్కడ చిన్న నిలువు గోడ ఉందనుకుని, రెండు గీతలనూ గోడకు చెరోవైపు వంచి వెనక్కి తిప్పండి. తాడు ఒకటిగానే ఉంటుంది. అదే అడ్డగోడ పెడితే ఒకదానితో ఒకటి పెనవేసుకున్న రెండు తాళ్ళయిపోతుంది. నమ్మకం లేకపోతే గీసి చూడండి.

మూలలు గుండ్రంగా చేసి, గీతకు అటూ ఇటూ 3 మి.మీ. దూరంలో గీతలు గీస్తే పట్టీ తయారు.

అసలు టెన్షన్ కూడలిలో ఏ పట్టీ పైన, ఏది కింద అనే దగ్గరే. చూసుకోకుండా ఇంకు పెట్టి నేను ఓ కాగితం పాడు చేసుకున్నాను. కూడళ్ళను అడ్డ వరుసలుగా చూడండి. మొదటి వరుసలో కుడివైపు ఎక్కే పట్టీలన్నీ పైన. తర్వాతి వరుసలో ఎడమవైపు ఎక్కేవి పైన. చివరిదాకా ఇలా మారుస్తూ పోవాలి. తెంపిన చోట కూడా ఈ లెక్క తప్పదు.

శిల్పులు తాళ్ళ మధ్య ఖాళీలను తొలిచి పట్టీలను ఉబ్బెత్తుగా వదిలారు. అందుకే ఏటవాలు ఎండలో అల్లిక బాగా కనిపిస్తుంది. మీరు ఆ ఖాళీలను నల్ల ఇంకుతో నింపితే చాలు.