775 నానోమీటర్ల వెలుగు పడిపోతోందా? ముందు స్టేజ్ మీంచి చెయ్యి తీయండి

సమస్య: పోలింగ్ చేసిన (స్ఫటికం ధ్రువ దిశని నిర్ణీత దూరాలకోసారి తిరగేసిన) పలుచటి లిథియం నయోబేట్ చిప్‌లోకి 1550 నానోమీటర్ల పంప్, అంటే లోపలికిచ్చే లేజర్ వెలుగు, ఇస్తున్నారు. చిప్ దాన్ని సగం తరంగదైర్ఘ్యానికి, 775 నానోమీటర్లకి మారుస్తుంది. తక్కువ పవర్‌లో 775 చక్కగా వచ్చింది. పంప్ పెంచితే కాసేపు పెరిగి, నిమిషాల్లో నీరసించింది. వెంటనే స్టేజ్ తిప్పి లెన్స్‌డ్ ఫైబర్‌ని (వెలుగుని చిప్‌లోకి పంపే, కొనలో లెన్స్ ఉన్న ఫైబర్‌ని) అటూ ఇటూ జరపడం మొదలు! బాగున్న అలైన్‌మెంట్ పాడయ్యేది అప్పుడే.

ముందు చిప్ దాటి బయటికొస్తున్న పంప్ పవర్ చూడండి. నిమిషం కూడా పట్టని పని, అయినా ఎవరూ చెయ్యరు. పంప్ కూడా తగ్గిందంటే కప్లింగ్, అంటే ఫైబర్ నుంచి చిప్‌లోకి వెలుగు ఎక్కే అమరిక, చెదిరింది. లోపలికెళ్లే పంప్ సగమైతే 775 నాలుగో వంతుకి పడిపోతుంది, అందుకే చిన్న జరుగుడు కూడా పెద్దగా కనిపిస్తుంది.

పంప్ అలాగే ఉండి 775 ఒక్కటే తగ్గితే, పోలరైజేషన్ ప్యాడిల్స్ (ఫైబర్‌లో వెలుగు కంపించే దిశని మార్చే తెడ్లు) ఓసారి తిప్పండి. ఎక్స్-కట్ చిప్‌లో మామూలుగా టీఈ మోడ్ (విద్యుత్ క్షేత్రం చిప్ తలానికి సమాంతరంగా ఉండేది) కావాలి. ప్యాడిల్స్ తిప్పేటప్పుడు కన్ను 775 మీటర్ మీదే ఉండాలి. టీఎం (క్షేత్రం తలానికి నిలువుగా ఉండేది) కూడా చిప్ దాటి వచ్చేస్తుంది కాబట్టి పంప్ మీటర్‌ని నమ్మితే మోసపోతారు.

అదీ కాకపోతే అసలు దొంగ ఫోటోరిఫ్రాక్టివ్ ఎఫెక్ట్. పుట్టిన 775 వెలుగే స్ఫటికంలోని లోపాల దగ్గర ఎలక్ట్రాన్లను కదిలిస్తుంది. అవి వేరేచోట చిక్కుకుని లోపల విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది, దానితో వక్రీభవన గుణకం మారుతుంది. ఫేజ్ మ్యాచింగ్ శిఖరం, అంటే 775 అన్నిటికంటే ఎక్కువగా పుట్టే పంప్ తరంగదైర్ఘ్యం, పక్కకి జరుగుతుంది, మీ లేజర్ మాత్రం పాత తరంగదైర్ఘ్యం మీదే కూర్చుని ఉంటుంది. లేజర్ ఆపేసి వెళ్లి మర్నాడు వస్తే చాలాసార్లు అంతా మామూలుగానే ఉంటుంది. దాంతో "నిన్న ఫైబర్ జరిగింది" అని తేల్చేస్తారు. చిప్ వేడెక్కినా శిఖరం జరుగుతుంది గానీ, పంప్ తగ్గించగానే వెనక్కి వచ్చేస్తుంది. ఇది అలా కాదు, మెల్లగా వస్తుంది, మెల్లగా పోతుంది.

పరిష్కారం: వాడే పవర్‌లోనే లేజర్ తరంగదైర్ఘ్యాన్ని మారుస్తూ మళ్లీ స్కాన్ చెయ్యండి, తక్కువ పవర్‌లో తీసిన గ్రాఫ్ ఇక్కడ పనికిరాదు. శిఖరం కొత్తచోట దొరికితే రోగం తేలినట్టే. తర్వాత హీటర్‌తో చిప్ ఉష్ణోగ్రత పెంచండి. వేడిలో ఛార్జ్‌లు సులువుగా కదిలి ఆ క్షేత్రం చెరిగిపోతుంది. వేడితో శిఖరం కూడా జరుగుతుంది, కాబట్టి ఉష్ణోగ్రత నిలకడగా ఆగాక ఇంకోసారి స్కాన్ తప్పదు. కొత్త చిప్ కొనేటప్పుడు మెగ్నీషియం ఆక్సైడ్ కలిపిన ఫిల్మ్ అడగండి, బాధ చాలావరకు తగ్గుతుంది.

పోలింగ్ చెడిపోయిందేమో, ఫిల్మ్ మందంలో తేడా ఉందేమో అనే టెన్షన్ ఇక్కడ అనవసరం. అవి మొదటి స్కాన్‌లోనే బయటపడతాయి. చిప్ అంచు కాలితే పంప్ మీటరే చెబుతుంది.