పాట ఒంటికి చేరాలంటే: బధిరుల కోసం ఇంట్లో చేయదగిన ఏర్పాట్లు

మా మేనకోడలికి పుట్టుకతోనే వినికిడి లేదు. ఆమెకు ఆరేళ్లున్నప్పుడు ఇంట్లో పెళ్లి జరిగింది. పెద్ద స్పీకరు మోగుతున్న హాల్లో ఆ పిల్ల అటూ ఇటూ తిరిగి, చివరికి పాత టేకు బీరువా దగ్గర ఆగి, దాని తలుపుకు ముందు రెండు అరచేతులూ, తర్వాత చెంపా ఆనించి, పాట అయిపోయేదాకా కదలకుండా నిలబడింది. స్పీకరుకు ఇంకా దగ్గరగా ఉన్న గ్రానైట్ గట్టును ముట్టుకుని చూసి వదిలేసింది. ఆ రోజు నాకు అర్థమైనది ఒక్కటే: బధిరులకు సంగీతం అందాలంటే పెంచవలసింది శబ్దం కాదు, ఆ శబ్దపు అదురును ఒంటిదాకా మోసుకొచ్చే వస్తువును చూసి ఎంచుకోవాలి.

చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ (అంటే సెకనుకు అన్ని అదురులు) వరకు గ్రహిస్తే, చర్మం దాదాపు 1,000 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. అందులోనూ 200 నుంచి 300 హెర్ట్జ్ మధ్య అదురును అది అన్నిటికంటే చురుగ్గా పట్టుకుంటుంది. అందువల్ల డోలు, డప్పు, మృదంగంలో ఎడమవైపు తొప్పి, బాస్ గిటార్ ఒంటికి బాగా తెలుస్తాయి. వేణువు పై స్వరాలు, తాళాల గలగల దాదాపు అందవు. ఇది ఊహతో సరిపెట్టుకునే ఆనందం అనుకోవద్దు. బధిరుల చేతికి అదురు తగిలినప్పుడు, మామూలుగా శబ్దాన్ని గ్రహించే మెదడు భాగమే వారిలో పనిచేస్తున్నదని అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ డీన్ షిబాటా 2001లో మెదడు స్కానింగుల ద్వారా చూపించారు.

ముందుగా నేల సంగతి చూడాలి. చెక్క నేల మీద చెప్పులు లేకుండా నిలబడితే అదురు పాదాల్లోంచి పైకి వస్తుంది. మన ఇళ్లలో బండలు, టైల్స్ కాంక్రీటుకు అతుక్కుని ఉంటాయి కాబట్టి ఎంత మోత మోగినా కాళ్లకు తెలిసేది తక్కువే. దీనికి నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పున్న ప్లైవుడ్ పలక ఒకటి తీసుకుని, కింద రెండు అంచులకూ రెండంగుళాల ఎత్తు చెక్కపట్టీలు బిగించి, మధ్యలో బోలుగా ఉండేటట్లు చూడండి. పిల్లలకైతే 12 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది, పెద్దవారు నిలబడాలంటే 18 మిల్లీమీటర్లు ఉండాలి. పట్టీల కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు అతికిస్తే అదురు కింది అంతస్తుకు పోకుండా పలకలోనే నిలుస్తుంది. కింది స్థాయి ధ్వనిని పలికించే స్పీకరును, అంటే సబ్‌వూఫర్‌ను, అదే పలక మీద ఒక మూలన పెట్టాలి. దాని రబ్బరు కాళ్లు ఊడదీయడానికి వీలుంటే తీసేయండి, ఎందుకంటే అవి అదురును మింగేస్తాయి. ఫోను స్పీకరు ఈ పనికి రాదు, అందులో కింది స్థాయి ధ్వని పుట్టదు. పలక మీద కూర్చోవచ్చు, ఒట్టి పాదాలతో నిలబడవచ్చు, వెల్లకిలా పడుకోనూవచ్చు. పడుకున్నప్పుడు వెన్నంతా పాట పరచుకుంటుంది.

చేతుల కోసం ఒక బెలూను చాలు. బిగువుగా ఊది, రెండు అరచేతుల మధ్య పట్టుకుని స్పీకరు ముందు కూర్చుంటే, దాని పలచని పొర చిన్న అదురును కూడా వేళ్లకు అందిస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. వినికిడి లోపం ఉన్నవారిలో చాలామందికి కొంత వినికిడి మిగిలే ఉంటుంది, అతి ధ్వని దాన్ని కూడా పాడుచేస్తుంది. కాబట్టి మీ చెవికి ఇబ్బంది కలిగేంత శబ్దం పెట్టకండి. అదురు చాలడం లేదనిపిస్తే పలకను, స్పీకరు ఉన్న చోటును మార్చండి. వినికిడి యంత్రం పెట్టుకోవాలా, తీసేయాలా అన్నది వారి ఇష్టానికే వదిలేయాలి.

పాట ఎంపికలోనే చాలామంది పొరబడతారు. ఇరవై వాయిద్యాలు ఒకేసారి మోగే సినిమా పాట చర్మానికి ఒకటే రొదగా తెలుస్తుంది. కచేరీలో మృదంగం ఒక్కటే సాగే తని ఆవర్తనంలోనైతే ప్రతి దెబ్బా, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న ఖాళీ కూడా విడివిడిగా అందుతాయి. పక్కన కూర్చున్నవారు ఆ బధిరుల తొడ మీద ఆదితాళం వేస్తూ ఉంటే మరీ మంచిది: ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్ల లెక్క, ఆపైన దెబ్బ, విసురు రెండుసార్లు, మొత్తం ఎనిమిది. ఇది ఒక ఆవర్తనం. నాలుగైదు ఆవర్తనాలు గడిచేసరికి మృదంగం ఎక్కడ తాళంతో కలుస్తుందో, ఎక్కడ కావాలని తప్పుకుని మళ్లీ సమానికి, అంటే ఆవర్తనం మొదటి దెబ్బకు, వస్తుందో వారే పట్టుకుంటారు. గాత్రమైతే సాహిత్యాన్ని ముందే రాసి ఇవ్వండి, సైగల భాష వచ్చినవారు ఉంటే భావాన్ని అందులో చెప్పండి.

పాట సాగుతున్నప్పుడు "వినిపిస్తోందా?" అని అడగకండి, "ఎక్కడ తెలుస్తోంది?" అని అడగండి. స్కాట్లాండుకు చెందిన ప్రసిద్ధ తాళవాద్య కళాకారిణి ఎవెలిన్ గ్లెనీకి ఎనిమిదో ఏట మొదలైన వినికిడి లోపం పన్నెండో ఏటికి దాదాపు పూర్తయింది. ఆమె గురువు టింపనీ డ్రమ్ములు మోగిస్తుండగా ఆమె తరగతి గోడకు చేతులు ఆనించి, ఏ స్వరం ఒంట్లో ఎక్కడ తగులుతుందో నేర్చుకున్నారు: కింది స్వరాలు కాళ్లలో, పాదాల్లో, పై స్వరాలు ముఖంలో, మెడలో, ఛాతీలో. ఇప్పటికీ వేదిక మీద ఆమె చాలావరకు ఒట్టి పాదాలతోనే వాయిస్తారు. ఏ స్వరం ఒంట్లో ఎక్కడ తెలుస్తుందో చూపే ఇలాంటి పటం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, దాన్ని తయారుచేసుకోవడానికి వారాలు పట్టవచ్చు. సంగీతం మీద ఆసక్తి లేదని ఎవరైనా చెబితే ఆ మాటకు విలువ ఇచ్చి వదిలేయాలి.

వీలైతే రికార్డుల కంటే అసలు వాయిద్యమే మేలు. వాయించేవారి అనుమతితో మృదంగపు పనసచెక్క మీద మధ్యన అరచేయి ఉంచండి. వీణ అయితే ఒక చివరనున్న పెద్ద కుండకు చేయి ఆనించండి. స్వయంగా ఒడిలో పెట్టుకుంటే రెండో చివర కింద ఉండే బుర్ర తొడకు ఆనుతుంది, మీటిన తీగ ఎంతసేపు పలికి ఎలా సన్నగిల్లుతుందో ఎముకలోనే తెలుస్తుంది. ఘటం మూతిని పొట్టకు ఆనించి వాయిస్తారు, మోర్సింగ్ అనే చిన్న ఇనుప వాయిద్యాన్ని పళ్లకు ఆనించి మీటుతారు. అంటే ఈ రెండూ వాయించేవారి ఒంట్లోంచే పలుకుతాయి. మా మేనకోడలికి మొదట కొనిచ్చింది ఘటమే. పొట్టకు హత్తుకుని మొదటి దెబ్బ వేయగానే కడుపు మీద చేయి వేసుకుని, మళ్లీ కొట్టి, నా చేతిని లాగి అక్కడే పెట్టింది.