ఎంక్వైరీల వర్కర్ తరఫున కూసునుడు ఎట్ల

ఎంక్వైరీ అంటే వర్కర్ తప్పు జేసిండని కంపెనీ లోపల్నే జరిపే విచారణ. హన్మకొండ దిక్కు యూనియన్ల కొత్తగ వచ్చినోళ్లు చానామంది లేబర్ లా అంటే సెక్షన్లు బట్టీ కొట్టుడే అనుకుంటరు గానీ ముందుగాల నేర్వాల్సింది కాయిదం చదువుడు. చార్జ్‌షీట్ (వర్కర్ మీద కంపెనీ మోపిన తప్పుల కాయిదం) తీస్కునేటప్పుడు సంతకం కింద తారీఖు ఏపియ్యుర్రి, ఏ రోజు, ఏ షిఫ్ట్, ఎవరు చూసిన్రు అనేది అండ్ల లేకపోతే అదే మీ మొదటి పాయింట్, జవాబుల రాయుర్రి.

సస్పెండ్ చేసిన్రా, స్టాండింగ్ ఆర్డర్స్ (కొలువు రూల్స్) ఉన్న కంపెనీల మొదటి 90 రోజులు సగం జీతం, ఆ తర్వాత ఎంక్వైరీ లేటు వర్కర్ వల్ల కాకపోతే 75 శాతం. అడగకపోతే ఎవ్వడియ్యడు.

కంపెనీ సాక్షిని క్రాస్ చేసేటప్పుడు (ఎదురు ప్రశ్నలు అడిగేటప్పుడు) చిన్న ప్రశ్నలే. "అప్పుడు మీరు యాడున్నరు?" "మిషన్ కాడికెల్లి గేటు కనవడ్తదా?" అంతే, కొట్లాట వద్దు. నేను ఫస్ట్ టైం ప్రొసీడింగ్స్ (ఎంక్వైరీల ఎవరేమన్నరో రాసిన కాయిదాలు) చదవకుండనే సంతకం పెట్టిన, మావోడు అననిది గూడ అండ్ల ఉండె, ఇంగ ఏం జేస్తం. ప్రతి పేజీ చదువుర్రి, తేడా ఉంటే సంతకం పక్కనే రాయుర్రి, కాపీ అడుగుర్రి.

కన్సిలియేషన్‌కు (లేబర్ ఆఫీసర్ ముందర రాజీ మాటలకు) సింగరేణి, రైల్వే కేసులైతె సెంట్రల్ లేబర్ ఆఫీసుకు, ప్రైవేటు మిల్లులైతె రాష్ట్రం ఆఫీసుకు పోవాలె. ఇంకోటి, 2025 నవంబర్ 21 కెల్లి ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్ అమల్లకొచ్చింది, పాత 1947 ఇండస్ట్రియల్ డిస్ప్యూట్స్ చట్టం పుస్తకమొక్కటే సంకల పెట్టుకొని పోవద్దు.