గీత గీసిన చోట లైన్ దొరకడం లేదా?

భూమిలో ఉన్న పైపో కేబులో (మన మాటల్లో లైన్) ఎక్కడుందో లొకేటర్‌తో, అంటే లైన్ సిగ్నల్ పట్టి కూసే పరికరంతో వెతికి, నేల మీద గీత గీశారు. సరే. ఆ గీతకు అడ్డంగా చేత్తో ట్రయల్ గుంత తీసి లైన్‌ను కళ్లతో చూశారా? చూడకుండానే జేసీబీ దించి ఉంటే కింద రాసిందేదీ మీకు అక్కర్లేదు, మీ సమస్య అదే. పెయింట్ గీత ఒక అంచనా, అంతే. లైన్ కనిపించేదాకా పారతోనే, పక్కనుంచి మెల్లగా రావాలి. గునపం పోట్లు వద్దు.

సమస్య: గుంత తీశారు, గీత కింద ఏమీ లేదు

అసలు కారణం చాలాసార్లు ఇదే: సిగ్నల్ పక్క లైన్ ఎక్కింది. ట్రాన్స్‌మిటర్ (లైన్‌కు సిగ్నల్ ఎక్కించే పెట్టె) పంపిన కరెంట్ ఎలాగోలా భూమి గుండా దానికే తిరిగి రావాలి. దగ్గర్లో నీళ్ల పైపో ఇనుప కంచెనో కనపడగానే ఎర్త్ క్లిప్ (ఆ తిరుగు దారి వైరు కొస) దానికే తగిలిస్తారు. ఇక సిగ్నల్ ఆ పైపు గుండా తిరిగొస్తుంది. లొకేటర్ దాని మీదే గట్టిగా కూస్తుంది, మనం దాని మీదే గీత గీస్తాం. శబ్దం పెద్దగా ఉందంటే మనకు కావాల్సిన లైన్ దొరికినట్టు కాదు. పైపైన ఉన్న వేరే లైన్ కూడా అలాగే కూస్తుంది.

పట్టుకోవడం తేలికే, ఎవరూ చేయరు గానీ. పీక్ మోడ్‌లో (లైన్ సరిగ్గా పైన శబ్దం పెరిగేది) ఒక గుర్తు, నల్ మోడ్‌లో (అక్కడే శబ్దం తగ్గేది) ఒక గుర్తు పెట్టండి. రెండూ ఒకే చోట పడకపోతే ఆ గీతను నమ్మొద్దు. లొకేటర్ కరెంట్ విలువ చూపించేదైతే అదీ చూడండి: మనం సిగ్నల్ ఎక్కించిన లైన్‌లోనే మామూలుగా ఎక్కువ కరెంట్ ఉంటుంది.

సరిచేయాలంటే ఎర్త్ రాడ్‌ను (ఎర్త్ క్లిప్ తగిలించే లోహపు కడ్డీని) లైన్‌కు 90 డిగ్రీల దిశలో, వీలైనంత దూరంగా, మధ్యలో వేరే లైన్ దాటకుండా దిగ్గొట్టండి. ఫ్రీక్వెన్సీ తగ్గించండి. 33 కిలోహెర్ట్జ్ కంటే 8 కిలోహెర్ట్జ్ సిగ్నల్ పక్కకు దూకడం తక్కువ. ట్రాన్స్‌మిటర్‌ను నేల మీద ఊరికే పెట్టి వదిలేసే ఇండక్షన్ పద్ధతి, లైన్లు గుంపుగా ఉన్న చోట పనికిరాదు. అన్నింటికీ ఒకేసారి సిగ్నల్ ఎక్కుతుంది. లైన్ చుట్టూ బిగించి సిగ్నల్ ఎక్కించే క్లాంప్ వాడండి. కరెంట్ ఉన్న కేబుల్‌కు మాత్రం వైరు నేరుగా తగిలించవద్దు.

సమస్య: లొకేటర్ అసలు కూయడం లేదు

లైన్ లేదని కాదు. ప్లాస్టిక్ పైపు కావచ్చు, లోహం లేని ఫైబర్ కావచ్చు. లోడ్ లేని, అంటే కరెంట్ వాడకం లేని కేబుల్ కూడా, పారే కరెంట్‌ను పట్టుకునే పవర్ మోడ్‌కు చిక్కదు. పైపు వెంట ట్రేసర్ వైరు (లొకేటర్‌కు దొరకడానికి పాతిన లోహపు తీగ) ఉందేమో చూడండి, లైన్ యజమాని దగ్గర మ్యాపు అడగండి. వాల్వ్ చాంబర్లు, మ్యాన్‌హోల్ మూతలు ఏ వరసలో ఉన్నాయో గమనించినా సగం తెలిసిపోతుంది.

సమస్య: లోతు తప్పు చూపిస్తోంది

లొకేటర్‌ను 30 సెంటీమీటర్లు పైకెత్తండి. లోతు కూడా అంతే పెరగాలి. పెరిగినా సరే, లోతును నమ్మి మెషిన్ దించకండి.

బ్యాటరీ అయిపోవడం, మట్టిలో ఇనుప చెత్త లాంటి కారణాలు అరుదు. ఐదు నిమిషాల్లో తేలిపోతాయి.

తగిలేసిందా?

గ్యాస్ వాసన వస్తే ఇంజన్ ఆపి, అందరినీ గాలికి ఎదురు దిశలో దూరంగా పంపండి. ఫోన్ అక్కడికి వెళ్లాకే. కరెంట్ కేబుల్ అయితే డ్రైవర్ క్యాబిన్ దిగకూడదు, మిగతావాళ్లు మెషిన్‌ను ముట్టుకోకూడదు. ఒకసారి నిప్పురవ్వ వచ్చి ఆగింది కదా అని దగ్గరికి వెళ్లొద్దు, సప్లై దానంతటదే మళ్లీ ఆన్ కావచ్చు. కరెంట్ వాళ్లు వచ్చి లైన్ ఆపేశామని చెప్పేదాకా డ్రైవర్ దిగొద్దు, ఎవరూ దగ్గరికి వెళ్లొద్దు.