ఆక్టేవ్ పెడల్ మాడిఫై చేస్తున్నారా? ఒక్కసారికి ఒక్క భాగమే మార్చండి

పోయిన వారం ఒక మిత్రుడు తన బేస్ గిటార్ ఆక్టేవ్ పెడల్‌ని, అంటే వాయించిన స్వరానికి ఒక ఆక్టేవ్ కింది స్వరాన్ని జోడించే పెట్టెని, సంచిలో వేసుకుని వచ్చాడు. తయారీ ఎప్పుడో ఆగిపోయిన పాత మోడల్ అది. కింది స్వరాలు ఇంకా బరువుగా రావాలని ఒకే రాత్రి కూర్చుని ఏడు కెపాసిటర్లు మార్చాడు. పొద్దున ఆన్ చేస్తే ఆక్టేవ్ లేదు, సన్నటి బుస మాత్రమే వస్తోంది. ఏడింటిలో తప్పు ఎక్కడుందో తెలియక అన్నీ పీకేసి పాతవే మళ్లీ టంకం వేశాడు. ఈ పీకుడులో బోర్డు మీద టంకం వేసే రాగి చుక్కలు (ప్యాడ్లు) మూడు లేచిపోయాయి, వాటిని కలిపే రాగి గీత (ట్రాక్) ఒకటి చిరిగింది. తీరా చూస్తే మొదటి తప్పు ఒక్కటే. ఒక ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కి ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. ఒక్కొక్కటిగా మార్చి ఉంటే రెండు నిమిషాల్లో దొరికేది.

నేను చూసిన పాడైపోయిన పెడల్స్‌లో ఎక్కువ భాగం కథ ఇదే. ఒకటి మార్చండి, మూత పెట్టకుండానే వాయించి వినండి, ఆ తర్వాతే రెండోది.

తెరిచే ముందు

పెడల్ ఉన్నది ఉన్నట్టుగా వాయించి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఏ స్వరం దాకా ఆక్టేవ్ స్థిరంగా పట్టుకుంటోంది, ఎక్కడ తడబడుతోంది అన్నది రాసిపెట్టుకోండి. ఇది లేకపోతే తర్వాత మెరుగైందో చెడిందో చెవి చెప్పలేదు. తెరవగానే, ఏదీ ముట్టుకోకముందే, బోర్డుకి రెండు వైపులా ఫోటోలు తీయండి.

అడాప్టర్ సంగతి. చాలా పెడల్స్‌కి 9 వోల్టులు, మధ్య పిన్ నెగటివ్. కానీ 1982లో వచ్చిన బాస్ ఓసీ-2లో తొలి రోజుల యూనిట్లు వేరే రకం 12 వోల్టుల అడాప్టర్ కోసం చేసినవి. వాటికి మామూలు 9 వోల్టులు ఇస్తే వోల్టేజీ చాలక మందకొడిగా పనిచేస్తాయి. అది చూసి పెడల్ చెడిందనుకుని లోపల కెలికినవాళ్లున్నారు. ముందు లేబుల్ చదవండి, మల్టీమీటర్‌తో కొలవండి.

ఏ కెపాసిటర్ ఏం చేస్తోంది

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. అనలాగ్ ఆక్టేవ్ పెడల్‌లో ఫ్లిప్-ఫ్లాప్ అనే చిప్పు ప్రతి తరంగానికి ఒకసారి స్థితి మార్చుకుంటుంది, అంటే రెండు తరంగాలకు దాని చక్రం ఒకటి పూర్తవుతుంది. అందుకే ఫ్రీక్వెన్సీ సగమవుతుంది. నాలుగు తీగల బేస్‌లో వట్టి ఇ తీగ 41 హెర్ట్జ్, దాని కింది ఆక్టేవ్ 20.6. ఫ్లిప్-ఫ్లాప్‌కి మూల స్వరం ఒక్కటే శుభ్రంగా అందాలి. అందుకే దాని ముందు హార్మోనిక్స్‌ని, అంటే మూల స్వరంతో పాటు వచ్చే పై స్వరాలని, కోసేసే ఫిల్టర్ ఉంటుంది. 'టోన్ మెరుస్తుంది' అని ఆ ఫిల్టర్ కెపాసిటర్ తగ్గించారంటే హార్మోనిక్ కూడా లోపలికి దూరి, ఆక్టేవ్ అటూ ఇటూ ఎగురుతుంది. దాన్ని ముట్టుకోవద్దు. మార్చదగ్గవి ధ్వని దారిలో ఒక దశ నుంచి ఇంకో దశకి సిగ్నల్‌ని దాటించే కప్లింగ్ కెపాసిటర్లు.

వాటినీ లెక్క వేసే మార్చండి. 0.047 మైక్రోఫారడ్‌కి ఎదురుగా లక్ష ఓమ్‌ల నిరోధం ఉంటే కింది స్వరాల కోత 34 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. అంటే 20.6 దాదాపు సగానికి పడిపోతుంది. 0.1 పెడితే కోత 16కి దిగుతుంది, తేడా నిజంగానే వినిపిస్తుంది. అదే 0.047కి ఎదురుగా 4.7 లక్షల ఓమ్‌లు ఉంటే కోత ఇప్పటికే 7 దగ్గర ఉంది. అక్కడ మార్చినా లాభం సున్నా, బోర్డుకి వేడి తగిలిందే నష్టం.

ఇంకా ఉన్నాయి, వరసగా చెప్తాను.

గోడ కరెంటు నేరుగా లోపలికి వచ్చే పాత యూనిట్ అయితే తెరవకండి.

ప్రతి మార్పుకి ముందు పవర్ తీగ పీకండి, బ్యాటరీ కూడా తీయండి.

18 వోల్టులు ఇస్తే శబ్దం పెరుగుతుందని వింటారు. లోపలి కెపాసిటర్ల మీద 16 అని రాసి ఉంటే అవి వేడెక్కి పగులుతాయి. ఇవ్వకండి.

సీమాస్ (CMOS) అనే సున్నితమైన రకం చిప్పుల కాళ్లు వేళ్లతో తాకకండి, స్టాటిక్‌కి చస్తాయి.

టంకం ఐరన్ ప్యాడ్ మీద మూడు సెకన్లకి మించి ఉంచకండి. రాకపోతే తీసేసి, చల్లారనిచ్చి, కొత్త టంకం కాస్త కలిపి మళ్లీ ప్రయత్నించండి. లాగొద్దు. లాగితే ప్యాడ్ పోతుంది.

కాళ్లు కత్తిరించేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి.

ఎలక్ట్రోలైటిక్ మీది మైనస్ గీత రెండుసార్లు చూడండి.

డిజిటల్ పెడల్ అయితే ఆపేయండి. అది స్వరం పట్టుకునే పని ప్రోగ్రాములో ఉంది, కెపాసిటర్ మారిస్తే మారదు.

తీసిన పాత భాగం పారేయకండి. కాగితానికి టేపుతో అంటించి స్థానం రాయండి.

ఒకటి మార్చారా? వాయించండి. బాగుందా? అప్పుడే రెండోది. తొందరగా ఉందా? ఐరన్ ఆపేసి రేపు చేయండి.

మొదటిసారి ఆంప్‌కి కలిపినప్పుడు వాల్యూమ్ అడుగున ఉంచండి. పోర్టు (గాలి రంధ్రం) ఉన్న స్పీకర్ క్యాబినెట్‌లో, ఆ పోర్టు ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీ కంటే కింద స్పీకర్ కోన్‌కి గాలి పట్టు ఉండదు. 20 హెర్ట్జ్ పెద్దగా వినిపించకుండానే అది హద్దు దాటి ఊగుతుంది. చెవితో కాదు, కంటితో కోన్‌ని చూస్తూ మెల్లగా పెంచండి. కొట్టుకుంటున్నట్టు కనిపించిందో, వెంటనే తగ్గించండి.